ఇంటి కంప్యూటర్‌కు ఏ సెక్యూరిటీ సూట్? ముందు ఇంట్లోవాళ్ళను చూడండి

అనంతపురంలో ఒక ఆదివారం ఉదయం చేసిన ప్రసంగం ఇది. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది రిటైరైన ఉద్యోగులు, కాలేజీ పిల్లల తల్లిదండ్రులు. మాట్లాడినాయన ఊళ్ళో ఇరవై ఏళ్ళుగా కంప్యూటర్లు రిపేరు చేస్తున్నారు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వినబడుతోందా? ఫ్యాన్ల చప్పుడు ఎక్కువగా ఉంది, వినబడకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెప్తాను, నాకేం తొందర లేదు. ల్యాప్‌టాప్‌లు తెచ్చుకోమని ముందే చెప్పాం, పది పన్నెండు మంది తెచ్చినట్టున్నారు. చాలా సంతోషం. మాటలయ్యాక వాటిని చూద్దాం.

నన్ను పిలిచినప్పుడు అడిగింది ఒకే ప్రశ్న. "ఏ యాంటీవైరస్ మంచిదప్పా, ఒక్క పేరు చెప్పు, రాసుకుంటాం." షాపులోనూ రోజూ ఇదే ప్రశ్న. డబ్బా మీద టోటల్ సెక్యూరిటీ అని ఒకటి, ఇంటర్నెట్ సెక్యూరిటీ అని ఒకటి, అన్నీ ఒకదాంట్లోనే ఉన్నాయంటారు, మరి ఏది తీసుకోవాలి? నేను పేరు చెప్పేముందు తిరిగి అడుగుతాను. మీ ఇంట్లో ఆ కంప్యూటర్ ముందు ఎవరెవరు కూర్చుంటారు? దాంతో ఏం చేస్తారు? ఈ రెండూ తెలియకుండా సూట్, అంటే ఇట్లా అన్నీ కలిపిన డబ్బా, కొనడమంటే, మీది ఎర్రనేలా నల్లరేగడా అని అడగకుండానే విత్తనం ఇచ్చేయడం. మన జిల్లాలో అట్లా ఎవరైనా తీసుకుంటారా? శెనక్కాయ విత్తనం కొనేటప్పుడు కూడా కాయ ఒలిచి, గింజ చేతిలో వేసుకుని చూస్తాం కదా, సంచి మీద బొమ్మ చూసి కొనం.

ఒక మాస్టారి సంగతి చెప్తాను. ఆయన ఇక్కడే ఉన్నారు, చెప్పమని ఆయనే అన్నారు, పేరు మాత్రం చెప్పను. ఒకరోజు పొద్దున్నే షట్టరు తీస్తుంటే ల్యాప్‌టాప్ గుడ్డ సంచిలో పెట్టుకుని వచ్చారు. ఒక్క ఫోటో తెరుచుకోవడం లేదు. ప్రతి ఫైలు పేరు చివరా అర్థంకాని నాలుగక్షరాల తోక. ప్రతి ఫోల్డర్లోనూ ఒక నోట్‌ప్యాడ్ ఫైలు, దాంట్లో ఇంగ్లీషులో బెదిరింపు: మీ ఫైళ్ళు కావాలంటే 980 డాలర్లు, 72 గంటల్లోపు మాట్లాడితే సగానికి, అంటే 490కి ఇస్తాం అని. కూతురి పెళ్ళి ఫోటోలు, ఏళ్ళ తరబడి రాసుకున్న పాఠాల నోట్సు, పెన్షన్ కాగితాల స్కాన్లు, అన్నీ పోయాయి. ఆ ల్యాప్‌టాప్‌లో డబ్బు పెట్టి కొన్న టోటల్ సెక్యూరిటీ ఉంది. గడువు ఇంకా రెండొందల రోజులుంది. మాస్టారు నన్ను అడిగింది ఒకటే. "డబ్బు కట్టాను కదా నాయనా, మరి ఎట్లా వచ్చింది?"

ఎట్లా వచ్చిందో వెతికాను. ఆయన కొడుకు వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌కి క్రాక్, అంటే డబ్బు కట్టకుండా వాడుకునే దొంగ కాపీ, దించుకున్నాడు. కాలేజీలో ప్రాజెక్టు ఉంది, అసలుది కొనాలంటే వేలల్లో ఉంది, స్నేహితుడు లింకు పంపాడు. ఆ జిప్ ఫైల్లో ఒక కాగితం లాంటి ఫైలు ఉంటుంది, ఎట్లా ఇన్‌స్టాల్ చేయాలో చెప్పేది. దాంట్లో మొదటి వాక్యమే: ముందు మీ యాంటీవైరస్ ఆఫ్ చేయండి. పిల్లవాడు ఆఫ్ చేశాడు. అంతే. యాంటీవైరస్ పనిచెయ్యలేదని కాదు, పనిచెయ్యకుండా మనమే ఆపాం. ఆ క్రాక్‌తో వచ్చినదాన్ని స్టాప్ అంటారు, డీజేవీయూ అని కూడా అంటారు, ఇంటి కంప్యూటర్ల మీద పడి బతికే రాన్సమ్‌వేర్, అంటే ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగేది, ఎక్కువగా ఇట్లా క్రాకుల్లోనే వస్తుంది. ఎమ్సిసాఫ్ట్ అనే కంపెనీ 2019లో దానికి ఉచితంగా ఒక టూల్ ఇచ్చింది, కొన్ని రకాలకు ఫైళ్ళు తెరుచుకుంటాయి. మాస్టారి ఫైళ్ళు తెరుచుకోలేదు. పెళ్ళి ఫోటోగ్రాఫర్ దగ్గర హార్డ్ డిస్క్‌లో కొన్ని ఫోటోలు దొరికాయి, నోట్సు మాత్రం దొరకలేదు.

నేను ఆ పిల్లవాణ్ణి తిట్టను. ఆ వయసులో అందరూ చేసే పనే. నన్ను కలవరపెట్టింది వేరే సంగతి. ఆయన కొన్న సూట్‌లో సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టుకునే వీలుంది. ఆ పాస్‌వర్డ్ పెట్టి ఉంటే కొడుకు దాన్ని ఆఫ్ చేయలేకపోయేవాడు. అమ్మినవాళ్ళు చెప్పలేదు, ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు పెట్టలేదు. ఇరవై రకాల రక్షణలు డబ్బా మీద అచ్చేశారు, ఆ ఇంటికి కావలసిన ఒక్కటీ వాడకుండా ఉండిపోయింది. అందుకే చెప్తున్నాను, డబ్బాలో ఎన్ని ఉన్నాయన్నది కాదు, మీ ఇంటికి అందులో ఏది కావాలన్నది చూడండి.

ఇప్పుడు డబ్బా విప్పి చూద్దాం. ఆల్ ఇన్ వన్ అంటే లోపల ఏముంటాయి? వైరస్‌లు పట్టే ఇంజన్ ఉంటుంది. నెట్ నుంచి అనుమతి లేకుండా లోపలికి వచ్చేవాటిని ఆపే ఫైర్‌వాల్ ఉంటుంది. దొంగ వెబ్‌సైట్లను ఆపేది ఉంటుంది. రాన్సమ్‌వేర్ ఫైళ్ళ మీద చెయ్యి వేయకుండా కాపాడేది, బ్యాంకు పనికి వేరే బ్రౌజరు, పిల్లల మీద నిఘా, పాస్‌వర్డ్‌లు గుర్తుపెట్టుకునే పాస్‌వర్డ్ మేనేజర్, మన నెట్ వాడకం బయటివాళ్ళకు కనబడకుండా దాచే వీపీఎన్, చెత్త ఫైళ్ళు ఊడ్చే క్లీనర్. కొన్నింట్లో ఆన్‌లైన్ బ్యాకప్ కూడా. వినడానికి చాలా ఉన్నట్టుంది, అవునా? ఇందులో మీ దగ్గర ఇప్పటికే ఏమున్నాయో లెక్కేద్దాం.

విండోస్ 10, 11లో డిఫెండర్ అనే మైక్రోసాఫ్ట్ యాంటీవైరస్ ముందే ఉంటుంది, ఒక్క పైసా కట్టనక్కర్లేదు. ఇంజన్, ఫైర్‌వాల్ రెండూ వచ్చేశాయి. పదేళ్ళ కిందట నేను కూడా దాన్ని లెక్కచేసేవాణ్ణి కాదు, ఇప్పుడట్లా కాదు. జర్మనీలో ఏవీ టెస్ట్ అనే ల్యాబ్ ఉంది, ప్రతి ప్రాడక్టునూ మూడు విషయాల్లో పరీక్షిస్తుంది: పట్టుకోవడం, సిస్టమ్‌ను స్లో చేయకపోవడం, మంచి ఫైళ్ళను దొంగలనకపోవడం. ఒక్కోదానికి ఆరు, మొత్తం 18 మార్కులు. డిఫెండర్‌కు చాలాసార్లు పూర్తి మార్కులు వచ్చాయి. దొంగ సైట్లు ఆపేది ఎడ్జ్ బ్రౌజరులో స్మార్ట్‌స్క్రీన్ పేరుతో, క్రోమ్‌లో సేఫ్ బ్రౌజింగ్ పేరుతో ఉంది. పిల్లల నిఘాకు మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ ఉచితం. పాస్‌వర్డ్ మేనేజర్ కావాలంటే బిట్‌వార్డెన్ ఉచితంగా దొరుకుతుంది. వీపీఎన్ అంటారా, సూట్‌తో ఇచ్చేదానికి చాలాచోట్ల రోజుకు ఇంతే అని పరిమితి ఉంటుంది, బిట్‌డిఫెండర్ టోటల్ సెక్యూరిటీలో రోజుకు 200 ఎంబీ. దాంతో ఏం చేస్తాం? క్లీనర్ కోసమైతే అసలు కొనకండి, విండోస్‌లో స్టోరేజ్ సెన్స్ ఆ పని చేస్తుంది.

రాన్సమ్‌వేర్ సంగతి మాత్రం జాగ్రత్తగా వినండి. డిఫెండర్‌లో కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటుంది. మనం చెప్పిన ఫోల్డర్లలో తెలియని ప్రోగ్రామ్ వేలు పెడితే ఆపుతుంది. కానీ అది కంపెనీ నుంచి ఆఫ్‌లో వస్తుంది! మనమే ఆన్ చేసుకోవాలి. స్టార్ట్ నొక్కి విండోస్ సెక్యూరిటీ అని టైపు చేసి, వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్ళి, కిందకి దిగితే రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ కనబడుతుంది. ఆన్ చేశాక మొదట్లో ఒకటి రెండు మంచి ప్రోగ్రాములను కూడా ఆపుతుంది, చిరాకు పడకండి, వాటికి అనుమతి ఇచ్చేయొచ్చు. ఇంకో మాట, వేరే యాంటీవైరస్ వేసుకుంటే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, అప్పుడు ఈ రక్షణా ఉండదు, కాబట్టి కొనే సూట్‌లో దీనికి సమానమైనది ఉందో లేదో అడగండి.

మరి కొనక్కర్లేదా అని ఎవరో అడుగుతున్నారు. కొందరు కొనాలి. ఎవరో చెప్తాను.

పెన్‌డ్రైవ్‌లతో బతికే ఇళ్ళు. మన ఊళ్ళో ఇది పెద్ద సమస్య. హాల్ టికెట్ ప్రింట్ తీయాలన్నా, అప్లికేషన్ వేయాలన్నా, పెన్‌డ్రైవ్ తీసుకుని జిరాక్స్ షాపుకు పోతాం. అక్కడ రోజుకు వందమంది పెన్‌డ్రైవ్ అదే కంప్యూటర్లో పెడతారు. ఇంటికొచ్చి చూస్తే ఫైళ్ళు కనబడవు, వాటి బదులు షార్ట్‌కట్లు ఉంటాయి. దాన్ని నొక్కితే ఫైలూ తెరుచుకుంటుంది, వెనకాల వైరసూ ఎక్కుతుంది. తెరుచుకుంది కదా అని మనకు అనుమానం రాదు. ఇక్కడ డిఫెండర్‌కు ఒక లోపం ఉంది. అనుమానం వచ్చినప్పుడు అది ఇంటర్నెట్ ద్వారా మైక్రోసాఫ్ట్ సర్వర్లను అడుగుతుంది. నెట్ ఉన్నంతసేపూ బాగా పట్టుకుంటుంది. నెట్ లేనప్పుడు మాత్రం, ఆస్ట్రియాలోని ఏవీ కంపారిటివ్స్ పరీక్షల్లో చూస్తే, పట్టుకోవడంలో బిట్‌డిఫెండర్ లాంటివాటికంటే వెనకబడుతుంది. పల్లెలో ఉండి, నెట్ వస్తూ పోతూ ఉండి, పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా వాడేవాళ్ళకు డబ్బు పెట్టిన సూట్ నిజంగా పనికొస్తుంది. అది కూడా పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతటదే స్కాన్ చేసేది చూసుకోండి. ఇంకా మంచి పని, ప్రింటుకు పోయేటప్పుడు ఫైలు పెన్‌డ్రైవ్‌లో కాకుండా మెయిల్‌లో పంపండి.

రెండోవాళ్ళు, ఇంట్లో నాలుగు మెషిన్లు ఉండి అందరివీ ఒక్కరే చూసుకునేవాళ్ళు. బెంగళూరులో ఉద్యోగం చేసే కొడుకు ఇక్కడ అమ్మానాన్నల ల్యాప్‌టాప్ గురించి టెన్షన్ పడుతుంటాడు. అట్లాంటప్పుడు ఐదు మెషిన్ల లైసెన్స్ తీసుకుంటే ఒకేచోట నుంచి అన్నీ ఎట్లా ఉన్నాయో చూసుకోవచ్చు. ఫోన్లకూ వస్తుందా అని అడగండి. పెళ్ళి పత్రిక అనో, చలానా అనో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైళ్ళతో, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైళ్ళతో, ఎంతమంది ఖాతాలు ఖాళీ అవుతున్నాయో మీకు తెలుసు.

మూడోవాళ్ళు, కాలేజీ పిల్లలున్న ఇళ్ళు. వీళ్ళకు నేను మొదట సూట్ చెప్పను. పిల్లలకు వేరే యూజర్ అకౌంట్ పెట్టండి, అన్నీ మార్చగలిగే అడ్మినిస్ట్రేటర్ కాకుండా స్టాండర్డ్ అకౌంట్. అప్పుడు మీ పాస్‌వర్డ్ లేకుండా డిఫెండర్‌ను ఆపలేరు. ఖర్చు సున్నా. ఆ తర్వాత సూట్ కొంటే దాని సెట్టింగులకు పాస్‌వర్డ్ పెట్టండి. కొనేటప్పుడు షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: దీన్ని ఆఫ్ చేయకుండా తాళం వేయొచ్చా?

విండోస్ 10 వాళ్ళు ఎంతమంది ఉన్నారు? చేతులెత్తండి. అమ్మో, సగం మంది. 2025 అక్టోబర్ 14తో దానికి మైక్రోసాఫ్ట్ మామూలు అప్‌డేట్లు ఆపేసింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లకు నమోదు చేసుకున్నవాళ్ళకు 2026 అక్టోబర్ 13 దాకా ఇస్తుంది. డిఫెండర్‌కు వైరస్ గుర్తుల అప్‌డేట్లు 2028 అక్టోబర్ దాకా వస్తాయి. అంటే ఏమిటి? కాపలావాడు వస్తూనే ఉంటాడు, కానీ గోడకు పడిన కన్నాన్ని పూడ్చేవాళ్ళు ఉండరు. చాలామంది షాపుకొచ్చి, పాతదే ఉంచి మంచి యాంటీవైరస్ వేసివ్వమంటారు. అది సరిపోదు. 2017 మే నెలలో వానాక్రై అనే రాన్సమ్‌వేర్ గుర్తుందా? మన రాష్ట్రంలో పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చిలోనే ఇచ్చింది. వేసుకోని కంప్యూటర్లు దొరికిపోయాయి. మీ మెషిన్ విండోస్ 11కు పనికొస్తే సూట్ డబ్బులు పక్కన పెట్టి ముందు అది చేయించండి.

స్లో సంగతి చెప్పకపోతే మీరు నన్ను కదలనివ్వరు. 4 జీబీ ర్యామ్, తిరిగే పాత హార్డ్ డిస్క్ ఉన్న మెషిన్ మీద పెద్ద సూట్ ఎక్కిస్తే బండి మీద బస్తాలు ఎక్కువైనట్టే. ఆన్ చేసి కాఫీ తాగి వచ్చినా తెరుచుకోదు, అప్పుడు విసుగొచ్చి తీసేస్తారు, ఏ రక్షణా లేకుండా పోతుంది. అట్లాంటివాళ్ళకు మూడేళ్ళ సూట్ వద్దని, ఆ డబ్బుకు కొంచెం కలిపి ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన డిస్క్, వేయించుకోమని చెప్తాను. నాకు రెండింట్లోనూ లాభం ఉంటుంది కాబట్టి నా మాట నమ్మొచ్చు. ఏ సూట్ అయినా దాదాపు నెలరోజులు ట్రయల్ ఇస్తుంది. వేసుకుని వాడండి. మీ మెషిన్ మీద, మీ పనితో. శెనక్కాయ గింజ చేతిలో వేసుకుని చూడటమంటే ఇదే. ల్యాబ్ మార్కుల్లో కూడా ఆ రెండో వరుస, స్లో చేయడం గురించి ఉన్నది, దాన్ని ఎక్కువగా చూడండి. నెట్‌లో టాప్ టెన్ అని రాసే పేజీలకంటే ఆ ల్యాబ్ పట్టికలు నయం, ఎందుకంటే ఆ పేజీల్లో చాలావాటికి మీరు నొక్కి కొంటే కమిషన్ వస్తుంది.

రెండు యాంటీవైరస్‌లు కలిపి వేయకండి. రెట్టింపు రక్షణ రాదు, ఒకదాన్ని ఒకటి దొంగనుకుంటాయి. ఇవి మామూలు ప్రోగ్రాముల్లాంటివి కావు, విండోస్ లోపలి పొర దాకా వెళ్ళి కూర్చుంటాయి. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ వల్ల ప్రపంచంలో 85 లక్షల కంప్యూటర్లు నీలిరంగు తెర చూపించి ఆగిపోయాయి, విమానాలు ఆగిపోయాయి. అది ఆఫీసులు వాడేది, మన ఇళ్ళలోది కాదు, కానీ సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ ఎంత లోతులో ఉంటుందో దాంతో తెలుస్తుంది. కొత్త ల్యాప్‌టాప్‌తో వచ్చిన ట్రయల్ గడువు అయిపోతే దాన్ని అట్లాగే వదిలేయకండి. తీసేయండి. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ చేసినా ముక్కలు మిగులుతాయి, అందుకే పెద్ద కంపెనీలు తొలగించే టూల్‌ను విడిగా ఇస్తాయి, అది వాడండి.

పేర్లు చెప్పమంటున్నారు, చెప్తాను. మన దేశంలోవి క్విక్ హీల్ పూణేది, కే7 చెన్నైది. పెన్‌డ్రైవ్ వైరస్‌ల మీద వీళ్ళకు మంచి అనుభవం ఉంది, ఫోన్ చేస్తే మన భాషల్లో మాట్లాడేవాళ్ళు దొరకడం పెద్దవాళ్ళకు చాలా సాయం. బిట్‌డిఫెండర్ రొమేనియాది, ఈసెట్ స్లొవేకియాది. ఈసెట్ తేలికగా నడుస్తుంది, పాత మెషిన్లకు నేను ముందు దాన్నే ట్రయల్ వేసి చూపిస్తాను. నార్టన్, అవాస్ట్, ఏవీజీ, అవీరా నాలుగూ ఇప్పుడు జెన్ డిజిటల్ అనే ఒకే కంపెనీవి. కాస్పర్‌స్కీ రష్యాది, అమెరికా 2024లో తన దేశంలో అమ్మకుండా నిషేధించింది. ఉచితంగా వస్తే చాలు అనుకునేవాళ్ళకు ఒక్క మాట. అవాస్ట్ తన వాడుకరులు ఏ సైట్లు చూశారో ఆ సమాచారం జంప్‌షాట్ అనే తన కంపెనీ ద్వారా అమ్మింది, 2020లో బయటపడ్డాక మూసేసింది, 2024లో అమెరికా వాణిజ్య కమిషన్ దాన్ని 1 కోటి 65 లక్షల డాలర్లు కట్టమంది. ఇంటికి కాపలా పెట్టిన మనిషే మన ఇంట్లో సంగతులు బజారులో చెప్తే ఎట్లా? అందుకే ఇన్‌స్టాల్ చేసేటప్పుడు సమాచారం పంచుకోవడానికి ఒప్పుకుంటున్నారా అని వచ్చే టిక్కులు చదివి తీసేయండి.

డబ్బు దగ్గర మోసపోకండి. ఆన్‌లైన్లో మొదటి ఏడాది ధర తక్కువ, రెండో ఏడాది కార్డు నుంచి పూర్తి ధర దానంతటదే కట్ అవుతుంది. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇట్లాంటి ఆటో డెబిట్ 15 వేల రూపాయలదాకా ఓటీపీ అడగకుండా పోవచ్చు, కానీ 24 గంటల ముందు మెసేజ్ రావాలి. ఆ మెసేజ్ చూడండి. కొన్న రోజే అకౌంట్లోకి వెళ్ళి ఆటో రెన్యూవల్ ఆపేయండి. ఇంకోటి, మీ యాంటీవైరస్ రెన్యూ అయింది, ఇన్ని వేలు కట్ అయ్యాయి, వద్దనుకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని మెయిల్ వస్తుంది. అది దొంగ మెయిల్. ఫోన్ చేస్తే, మన కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ వేసుకోమంటాడు, డబ్బు వాపస్ ఇస్తానని మీ బ్యాంకు తెరిపిస్తాడు.

ఇక్కడ నేను చాలా గట్టిగా చెప్పాలి. మీరే మీ చేత్తో తెర చూపిస్తే, మీరే ఓటీపీ చెప్తే, ఏ సూటూ ఆపలేదు. డిజిటల్ అరెస్ట్ అని వీడియో కాల్ చేసి బెదిరించేవాడు వైరస్ కాదు, మనిషి. అట్లాంటి అరెస్టు మన చట్టంలోనే లేదు. పెట్టేయండి ఫోన్. డబ్బు పోతే ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి రెండు రోజులు దాచుకున్న పెద్దవాళ్ళను చూశాను, చాలా బాధనిపిస్తుంది.

బ్యాకప్ గురించి ఒకాయన చీటీ పంపారు. బయటి హార్డ్ డిస్క్ కొనండి, ఆదివారం పెట్టండి, కాపీ అవగానే పీకేయండి. పీకేయాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే రాన్సమ్‌వేర్ దాన్ని కూడా తాళం వేస్తుంది.

ఇంతకీ నీ ఇంట్లో ఏముంది అని అక్కయ్య అడుగుతున్నారు. ఇంట్లో డిఫెండర్, ఫోల్డర్ రక్షణ ఆన్ చేసి, మా పాపకు స్టాండర్డ్ అకౌంట్. షాపులో డబ్బు పెట్టి కొన్న సూట్, పాస్‌వర్డ్‌తో, ఎందుకంటే ఊళ్ళో పెన్‌డ్రైవ్‌లన్నీ అక్కడికే వస్తాయి. రెండు చోట్లా రెండు రకాలు, పని వేరు కాబట్టి.

సరే, ల్యాప్‌టాప్‌లు ఈ బల్ల మీదకి తెండి. ప్లగ్గులు రెండే ఉన్నాయి, ఛార్జింగ్ తక్కువున్నవాళ్ళు గోడ వైపు రండి. మాస్టారు కొత్త హార్డ్ డిస్క్ సీల్ కూడా తీయకుండా తెచ్చుకున్నారు, దొరికిన పెళ్ళి ఫోటోలు ముందు దాంట్లోకి ఎక్కించాలంటున్నారు. ఆయనతో మొదలుపెడదాం.